తొలినాళ్ళ చిత్తవిభ్రమము – ఇంటివారు

ఇంటర్మీడియటు ముగించి ఇంజనీరింగు కళాశాలలో చేరి, ఊరికి దూరముగా హాస్టలు గదిలో కాలము గడపుచున్న పందొమ్మిదేండ్ల కుఱ్ఱవాడు మొదట స్నేహితులతో మాటలు తగ్గించి, పిమ్మట స్నానభోజనములయందు శ్రద్ధ విడిచి, రాత్రులు మేల్కొని పగళ్ళు నిద్రించి, తుదకు ప్రక్కగదివారు తన్నుగూర్చియే గుసగుసలాడుచున్నారనియు, తన ఫోనులో నెవరో పొంచియుండి తన తలంపులను దొంగిలించుచున్నారనియు నమ్మి తలుపు గడియ పెట్టుకొనునప్పటికి, వ్యాధి వాని నాశ్రయించి అనేక మాసములు గడచియుండుట సాధారణము. ఆ మాసములలో నెన్నడును అది వ్యాధియని ఇంటివారికి తోచదు. సంక్రాంతి సెలవులకు వచ్చి ఎవ్వరితోను కలియక మూలగదిలో కూర్చుండిన, పరీక్షల బెంగ యందురు; పరీక్ష తప్పిన, చెడుస్నేహ మందురు; తనలో తాను నవ్వుకొనిన, ఎవరో పిల్ల వ్యవహార మందురు. అర్ధరాత్రి లేచి గోడతో మాటలాడినప్పుడుగాని భయము పుట్టదు. పుట్టినపిదప గాలి సోకినదనియో, గిట్టనివారు చేతబడి చేయించిరనియో, మందు పెట్టిరనియో ఇరుగుపొరుగువారు చెప్పిన మాట చెవి కెక్కును. ఈ వివరణములలో దేనినిగాని నవ్వి త్రోసివేయుట తగదు. కన్నబిడ్డకు మతి చలించినదని యొప్పుకొనుటకంటె మఱి యే కారణమునైనను నమ్ముట తల్లికి సులభము. పైగా వ్యాధి తొలిరూపమును యౌవనసహజమైన ముభావమునుండి వేఱుచేసి గుర్తించుట కొన్ని వారములవఱకు వైద్యునికిని కష్టమే.

వైద్యులు సైకోసిస్ అని పిలుచు ఈ చిత్తవిభ్రమము ఒక్క వ్యాధి కాదు. అనేక వ్యాధులు ధరించు ఒక్క ముఖము. స్కిజోఫ్రీనియా అందు ప్రధానమైనది. పట్టరాని ఉత్సాహమును విషాదమును ఒకదానివెంట నొకటి వచ్చెడు బైపోలార్ వ్యాధియందును, తీవ్రమైన క్రుంగుబాటునందును, గంజాయి వాడుకయందును, ప్రసవమైన కొన్ని దినములలో కొందఱు బాలింతలయందును, అరుదుగా మూర్ఛ, మెదడువాపు, థైరాయిడు వికారములయందును ఇదే రూపము గానవచ్చును. అందుచేతనే తొలిసారి వచ్చిన రోగికి రక్తపరీక్షలును, అవసరమని తోచినచో మెదడు స్కానింగును చేయింతురు; ఇది డబ్బు గుంజుటకని శంకించువారు తఱచుగా కనబడుదురు గాని, నూటికి కొందఱియందైనను వైద్యమార్గమంతయు మాఱిపోవునది ఆ పరీక్షలవలననే. ఎవ్వరును లేనిచోట మాటలు వినబడుట, ఎంత చెప్పినను చెదరని అనుమానము, మాటకు మాటకు పొందిక తప్పుట – ఇవి పైకి కనబడు లక్షణములు. వీనివెనుక సద్దుచేయక వచ్చునవి వేఱొక తెగ: ఉత్సాహ మింకిపోవుట, ముఖమున భావము తొలగుట, ఏ పనియు మొదలుపెట్టలేకుండుట, జ్ఞాపకము సన్నగిల్లుట. మొదటివి ఇంటివారిని భయపెట్టును. రెండవవి జీవితమును నెమ్మదిగా తినివేయును. బెంగళూరులోని నిమ్హాన్స్ సంస్థ 2015–16లో నడపిన జాతీయ మానసికారోగ్య సర్వే ప్రకారము, ఇట్టి తీవ్రవ్యాధి జీవితమున నెప్పుడైనను సోకిన వయోజనులు నూటికి 1.4 మంది. ఆ సర్వే జరిగిన పండ్రెండు రాష్ట్రములలో ఆంధ్రప్రదేశముగాని తెలంగాణముగాని లేదు.

ఈ వ్యాధివిషయమున వైద్యలోకము సైతము చిరకాలము నిరాశలో మునిగియుండెను. పందొమ్మిదవ శతాబ్ది చివరిదశకమున జర్మను వైద్యుడు ఎమిల్ క్రేపెలిన్ దీనిని యౌవనముననే మొదలై క్రమముగా బుద్ధిని హరించు వ్యాధిగా నిర్ణయించెను; ఏండ్లతరబడి ఆసుపత్రులలో నిలిచిపోయిన రోగులనే నిత్యము చూచు వైద్యునికి, కోలుకొని ఇంటికి పోయి మరల రాని రోగి కంటబడడు గదా! 1952లో పారిస్ నగరమున జా దిలే, పియేర్ దెనికే అను వైద్యులు క్లోర్‌ప్రోమజీన్ అను మందును మనోరోగుల కిచ్చి సత్ఫలితమును గాంచినపిదప అనేకులు ఇండ్లకు మరలిరి. అయినను తొలిసారి మతి చెదరివచ్చిన ఇరువదేండ్ల యువకుని, ఇరువదేండ్లనుండి వ్యాధితో నున్న నడివయస్సువాని ప్రక్క మంచముమీదనే పరుండబెట్టు ఆచారము మాత్రము మాఱలేదు. ప్రక్క మంచమునందు తన భావిజీవితము పడియున్నదని ఆ యువకుడు తలంచినచో తప్పెవ్వరిది? ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరమున పాట్రిక్ మెక్‌గోరీ అను మనోవైద్యుడు 1980లలో ఈ ఆచారమును ప్రశ్నించి, తొలివిడత రోగులకు వేఱు వార్డు నేర్పఱచి, 1992లో ‘ఎపిక్’ అను ప్రత్యేక సేవను నెలకొల్పెను. తరువాత అనేక దేశములలో పుట్టిన తొలిదశ చికిత్సాకేంద్రము లన్నిటికి అది మూలమని చెప్పవచ్చును.

తొలినాళ్ళ కింత ప్రాధాన్య మేల యన్నచో, వ్యాధి మొదలైన నాటికిని సరియైన వైద్య మారంభమైన నాటికిని మధ్యనున్న కాలము పెరిగినకొలది కోలుకొనుట మందగించునని పెక్కు దేశముల పరిశోధనలు తెలుపుచున్నవి. ఆ కాల మెంత యుండునో ఊహించుటయు కష్టము. అమెరికాలో ఇరువదియొక్క రాష్ట్రములలోని 34 వైద్యకేంద్రములలో 404 మంది తొలివిడత రోగులను పరిశీలించి 2015లో ప్రకటించిన ‘రెయిజ్’ అధ్యయనమున, సగముమంది రోగులకు ఆ ఆలస్యము 74 వారములు మించియుండెను. అనగా దాదాపు ఏడాదిన్నర. ప్రత్యేక చికిత్సవలన గలిగిన లాభమును ఆ 74 వారములకంటె ముందు వచ్చినవారియందే హెచ్చుగా కనబడెను. ఆసుపత్రులకును ఆరోగ్యబీమాకును పేరుగాంచిన దేశముననే ఇట్లుండగా, మానసిక వైద్యుడు జిల్లాకేంద్రమున మాత్రమే దొరకు మన మండలములలో ఎట్లుండునో చెప్పనక్కఱలేదు.

ఆలస్యమును తగ్గించుట సాధ్యమా యను ప్రశ్నకు నార్వే దేశపు పడమటితీరమున, స్టావాంగర్ పట్టణము గల రోగలాండ్ మండలమున సమాధానము దొరకినది. యాన్ ఓలావ్ యోహానెసెన్, టోర్ కేటిల్ లార్సెన్ అను వైద్యులును, అమెరికానుండి వచ్చి చేరిన థామస్ మెక్‌గ్లాషనును 1997లో నొక ప్రచారము నారంభించి, పత్రికలలో నిండుపుట ప్రకటనలు, రేడియోలో, సినిమాశాలలలో ప్రచారము, బడులలోని ఉపాధ్యాయులకు, సామాన్య వైద్యులకు శిక్షణము, ఎవ్వరు ఫోను చేసినను ఒక్క దినములో ఇంటికైనను వచ్చి చూచు వైద్యబృందము – వీని నన్నిటిని ఏకకాలమున నడపిరి. ఇట్టి ప్రచారము లేని ప్రాంతములలో సగటు రోగి వైద్యుని చేరుటకు 16 వారములు పట్టగా, అచ్చట 5 వారములే పట్టెను. పదేండ్ల తరువాత చూడగా పూర్తిగా కోలుకొని తన పనులు తాను చేసికొనుచున్నవారు ప్రచారమున్న ప్రాంతమున నూటికి 31 మంది, లేనిచోట 15 మంది మాత్రమే. కాని ఈ కథలో నన్ను మిక్కిలి ఆలోచింపజేయు ఘట్టము వేఱొకటి కలదు. ప్రకటనలు నిలిపివేసినపిదప వైద్యబృందము యథాప్రకారము పనిచేయుచున్నను ఆలస్యము మరల 15 వారములకు ప్రాకినది. వైద్యులు చాలరనుట కాదు. వైద్యునికడకు దారితీయవలసిన వారు తల్లి, అన్న, మేనమామ, హాస్టలు వార్డెను. వారికి తెలియనిది వైద్యునికి తెలిసిన నేమి ఫలము?

తొలిదశ చికిత్సయనగా మందుచీటి త్వరగా వ్రాయుట యని భ్రమపడరాదు. మొదటిసారి వ్యాధి వచ్చినవారికి తక్కువ మోతాదు మందులే పనిచేయును. ఆ శరీరములు దుష్ఫలితములను హెచ్చుగా చూపును గనుక, బిగుసుకొనుట, వణకు, నిద్రమబ్బు, ఒళ్ళు పెరుగుట, స్త్రీలలో ఋతుక్రమము తప్పుట మొదలగువానిని మొదటినుండియు కనిపెట్టి, బరువును, రక్తములోని చక్కెరను కొలుచుచు నుండవలెను. దీనితోపాటు రోగి కొక్కడే పరిచితుడగు కేస్ మేనేజరు – మంచిమాట చెప్పువాడు, ఇంటికి ఫోను చేయువాడు, కళాశాలలో అధ్యాపకునితో మాటలాడి హాజరు సర్దుబాటు చేయించువాడు – రెండేండ్లపాటు నుండును. చదువును, ఉద్యోగమును, వ్యాధి పూర్తిగా తగ్గినపిదప ఆలోచింతమని వాయిదా వేయక మొదటి నెలలనుండియే చికిత్సలో నొక భాగముగా నెంచుట ఈ విధానమున గొప్ప మార్పు. ఇంటివారికి వ్యాధిస్వరూపమును బోధించుట నాల్గవ అంగమని పాశ్చాత్యగ్రంథములు చెప్పుచున్నవి. మన దేశమున దాని స్థానము నాల్గవది కాదని నా యభిప్రాయము. అందుకు కారణము చెన్నపట్టణముననే యున్నది.

మద్రాసు కిల్పాకులోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయమునకు 1961నుండి 1978వఱకు అధిపతిగా నుండిన డాక్టరు శారదా మేనన్, మన దేశమున మొట్టమొదటి మహిళా మనోవైద్యురాలు, పదవీవిరమణానంతరము 1984లో స్కార్ఫ్ అను స్కిజోఫ్రీనియా పరిశోధనాసంస్థను స్థాపించెను. అంతకు ముందే, 1981లో, మద్రాసున తొలివిడత రోగులను తొంబదిమందిని గుర్తించి వారి జీవితములను ఇరువదేండ్లకు పైబడి వెంబడించిన అధ్యయనము మొదలైనది. తరువాత స్కార్ఫ్ నాయకత్వము వహించిన డాక్టరు ఆర్. తారా దానిని నడపించిరి. ఇరువదేండ్ల కాలమున తెంపులేక వ్యాధిలోనే యుండిన వారు బహుస్వల్పులని తేలుట క్రేపెలిన్ నిరాశకు మన నేలనుండి వచ్చిన ప్రత్యుత్తరము. ఆ సంస్థయే ఇటీవల కెనడాలోని మక్‌గిల్ విశ్వవిద్యాలయముతో గూడి, ఒకే విధమైన రెండేండ్ల చికిత్సను చెన్నైలో 168 మందికిని మాంట్రియల్‌లో 165 మందికిని ఇచ్చి, ఫలితములను పోల్చిచూచెను. అశోక్ మల్లా, శ్రీవిద్యా అయ్యర్, తారా ప్రభృతులు ప్రకటించిన ఆ పరిశీలనమున చెన్నై రోగులకు ఉత్సాహలోపము మొదలగు ఆ రెండవ తెగ లక్షణములు తక్కువగా నుండుటయు, వైద్యమును మధ్యలో విడిచిపోవువారు తక్కువగుటయు, అన్నిటికంటె ముఖ్యముగా రోగి ఇంటివారు రెండేండ్లు తుదివఱకు వైద్యబృందముతో సంబంధము నిలుపుకొనుటయు కనబడినవి. మాంట్రియల్‌లో వైద్యులు వెదకి వెదకి పిలువవలసిన కుటుంబము చెన్నైలో పిలువకయే వచ్చి బయటి బల్లమీద కూర్చుండియుండును.

ఇది చెన్నైకి మాత్రమే దక్కిన సంపద కాదు. 1950లలో అమృత్‌సర్ మానసిక చికిత్సాలయమున డాక్టరు విద్యాసాగర్, రోగుల రద్దీకి తట్టుకొనలేక, ఆసుపత్రి యావరణమున డేరాలు వేయించి, ప్రతి రోగికి తోడుగా ఒక బంధువు నచ్చటనే యుంచి, సాయంకాలములందు అందఱిని కూర్చుండబెట్టి వ్యాధిని గూర్చి ముచ్చటించెడివారు. రోగి త్వరగా కోలుకొనుటయేగాక, ఆ బంధువు గ్రామమునకు తిరిగి వెళ్ళి మఱియొకనికి ఆ వ్యాధి వచ్చినప్పుడు గుర్తింపగలుగుట దాని కనుబంధ ఫలము. 1957లో వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలవారు బాగాయమున స్థాపించిన మానసికారోగ్యకేంద్రమున కుటుంబసభ్యుడు తోడుండనిదే రోగిని చేర్చుకొనరు. చిత్తూరు, నెల్లూరు ప్రాంతములనుండి నేటికిని అచ్చటికి పోవు తెలుగువారు తమకుతాము వండుకొనుచు, రోగికి వడ్డించుచు, వైద్యునిమాట వినుచు గడపు వారములు, వారికి తెలియకయే శిక్షణకాలము లగుచున్నవి. పాశ్చాత్యులు పరిశోధించి కనుగొన్న కుటుంబబోధనము మనకు అలవాటుగానే యున్నదని గర్వించుటకు ఇంతవఱకు చోటు కలదు.

గర్వము ముదిరిన చోట జాగ్రత్త వలయును. ఇంటివారి ప్రేమ వైద్యమున కెంత తోడ్పడునో, వారి నోటిమాట వ్యాధిని అంత త్వరగా తిరుగబెట్టించునని లండన్‌లో జార్జి బ్రౌన్ అను సామాజికశాస్త్రజ్ఞుడు 1950ల చివర గమనించెను. ఆసుపత్రినుండి విడుదలైన పురుషరోగులలో భార్యకడకో తలిదండ్రులకడకో పోయినవారికంటె, తోబుట్టువుల యింటనో అద్దెగదిలోనో దిగినవారికి వ్యాధి తక్కువగా తిరుగబెట్టుట ఆయనకు వింతగా తోచి, కారణము వెదకగా, ఇంటివారు రోగిపై చేయు తప్పులెన్నుటయు, ద్వేషమును, దానికి విరుద్ధముగా కనబడు అతిగారాబమును కారణములుగా తేలినవి. అట్టి ఇంట వారమునకు 35 గంటలు మించి ముఖాముఖి గడుపుట మఱింత ప్రమాదమని తరువాతివారు చూపిరి. చండీగఢ్‌లో ఇదే కొలతతో 1980లలో పరీక్షింపగా, ఇట్టి తీవ్రభావములు గల ఇండ్లు లండన్‌కంటె తక్కువగా నుండెను. అయినను ఉద్యోగము, విదేశప్రయాణము, ప్రవేశపరీక్షలో ర్యాంకు అనువాని చుట్టు పిల్లల జీవితమంతయు తిరుగు నేటి తెలుగు మధ్యతరగతి యింట ఆ పాత కొలత ఇంకను నిలుచునా యని నాకు సందేహము. “తిని పడుకోవడమేనా, ఇంక లేవవా” అను మాట తండ్రి నోట రోజున కెన్నిసార్లు వచ్చునో లెక్కపెట్టిన వారెవ్వరు? ఆ కుఱ్ఱవాడు సోమరితనముచేత పడుకొనలేదు. లేవవలెనను సంకల్పమునే వ్యాధి హరించినది. ఈ యొక్క విషయము తండ్రికి నమ్మకముగా తెలిసినచో ఇంటి వాతావరణము సగము చల్లబడును. తన తప్పువలననే బిడ్డకు వ్యాధి వచ్చినదని తల్లి కుమిలిపోవుటకును ఆధారము లేదు. పెంపకము సైకోసిస్‌కు మూలకారణమను పాత సిద్ధాంతమును వైద్యశాస్త్రము ఎన్నడో విడిచిపెట్టినది.

భ్రమలోనున్నవానితో మాటలాడు తీరు గూడ నేర్చికొనదగినదే. ఎదురింటివారు గోడలో కెమెరా పెట్టిరని వాడన్నప్పుడు “ఏమీ లేదు, పిచ్చిమాటలు మాట్లాడకు” అని వాదించిన వాని నమ్మకము గట్టిపడును; “నిజమే, మేమును చూచితిమి” అని యొప్పుకొనిన వ్యాధికి సాక్ష్యము పలికినట్లగును. “నాకు కనబడలేదు గాని, నీకు భయముగా నున్నదని తెలియుచున్నది, నీ ప్రక్కనే యుందును” అనుట మధ్యమార్గము. ఇంతకంటె సున్నితమైన చిక్కు మందుల విషయమున వచ్చును. మాత్ర వేసికొననని మొండికెత్తిన బిడ్డకు దానిని పొడిచేసి పెరుగన్నములోనో కాఫీలోనో కలిపి పెట్టు తల్లులు మనలో అసంఖ్యాకులు; వారిని తప్పుపట్టుటకు నోరు రాదు. కాని ఆహారములో విషము కలుపుచున్నారను భ్రమయే ఈ వ్యాధి లక్షణములలో నొకటి గదా. అన్నములో ఏదో రుచి మాఱినదని వాడు పసిగట్టిన దినమున, భ్రమ యనుకొన్నది నిజమగును, తల్లిమీద నమ్మకము శాశ్వతముగా తెగును. కలిపి పెట్టక తప్పని అత్యవసరమైనను అది వైద్యునికి తెలిసి, కొలదిదినములకే పరిమితమై, ఆపై రోగికి విడమర్చి చెప్పి, నెలకొక ఇంజక్షనువంటి ఇతరమార్గములను చూపుట మేలు.

గుళ్ళకును దర్గాలకును పోవుట గూర్చి నాలుగు మాటలు. తమిళనాడులోని ముత్తుస్వామి ఆలయమున మనోవ్యాధితో వచ్చి నివసించిన 31 మందిని నిమ్హాన్స్ వైద్యులు పరిశీలించి, ఏ మందును, ఏ కర్మకాండయు లేకయే, సగటున ఆఱువారములలో వారి లక్షణములు అయిదింట నొకవంతు తగ్గినవని 2002లో ప్రకటించిరి. బంధువు తోడుండుట, తిట్టువారు లేకుండుట, తుడుచుట, మొక్కలకు నీరుపోయుట వంటి తేలిక పనులుండుట – అచ్చటి చికిత్స యిదే. అమృత్‌సర్ డేరాలకును ఆ గుడి వసారాకును నాకు భేదము గోచరింపదు. కాని 2001 ఆగస్టు 6న రామనాథపురము జిల్లాలోని ఏర్వాడిలో, తాటాకు పాకకు నిప్పంటుకొనగా, గొలుసులతో కట్టబడియుండి పారిపోలేక 28 మంది మనోరోగులు దగ్ధమైన ఘోరమును ఎవ్వరును మఱువరాదు. 2017 మానసికారోగ్య చట్టము రోగిని ఏ రూపమునైనను గొలుసులతో కట్టుట నిషేధించినది. మొక్కు తీర్చుకొనుట మానుమని చెప్పిన వైద్యుడు రోగిని పోగొట్టుకొనును. మొక్కును తీర్చుకొనుడు, మాత్రను మానకుడని చెప్పినవాడు నిలుపుకొనును.

“పెళ్ళి చేస్తే కుదురుకుంటాడు” అను మాట మాత్రము క్షమింపరానిది. వ్యాధి దాచి చేసిన వివాహము చెడినపుడు ఆ భారము మఱియొక ఇంటి ఆడుబిడ్డమీద పడును. రోగి స్త్రీయైనచో భర్త విడువగా పుట్టింటికి తిరిగివచ్చి ముసలి తలిదండ్రులకు బరువగును. అట్టి స్త్రీల దుఃస్థితిని స్కార్ఫ్ వారు ప్రత్యేకముగా పరిశోధించి ప్రకటించిరి.

కోలుకొన్న కొన్ని నెలలకు ప్రతి కుటుంబమును అడుగు ప్రశ్న, “మందు లెప్పుడు ఆపవచ్చును?” అనునది. న్యూయార్కున తొలివిడత రోగులను అయిదేండ్లు వెంబడించి 1999లో ప్రకటించిన పరిశీలనమున నూటికి 82 మందికి ఒక్కసారియైనను వ్యాధి తిరుగబెట్టెను. మందు మానినవారికి ఆ ప్రమాదము దాదాపు అయిదింతలు. కనుకనే లక్షణములు తగ్గిన పిదపను కనీసము ఒకటి రెండేండ్లు మందు నడపుదురు. ఆపవలసివచ్చినచో నెలలతరబడి కొంచెము కొంచెముగా తగ్గింతురు. ఇంటర్వ్యూకు పోవుచున్నాడు, మత్తుగానుండునని ఒక్కసారిగా మానిపించుట, నరాల డాక్టరిచ్చిన మాత్రలు అలవాటై పోవునను భయముతో పండుగనాడు దాచివేయుట – వ్యాధి మరల వచ్చు దారులు తఱచుగా ఇవే.

రెండేండ్లు చాలునా? డెన్మార్కున 1998లో 547 మందితో మొదలైన ‘ఓపస్’ ప్రయోగమున రెండేండ్ల ప్రత్యేక చికిత్సవలన స్పష్టమైన మేలు కలిగినను, ఆ చికిత్స మొదలైన అయిదవ యేటికి ఆ మేలు చాలవఱకు కరగిపోయెను. అట్లని మొదటి రెండేండ్ల శ్రమ వ్యర్థమని యనుట తొందరపాటు. ఆ వయస్సున చదువు నిలిచినదా, చేతిలో పని యున్నదా, ఆత్మహత్యనుండి తప్పించుకొన్నాడా యనునవి తరువాత జీవితమును మలచును. తొలియేండ్లలోనే ఆ ప్రమాద మెక్కువ గనుక, చనిపోదునని రోగి పలికిన ఏ మాటనైనను బెదిరింపుగా నెంచక వెంటనే ఆసుపత్రికి గొనిపోవలెను.

ఇంగ్లండున 2016నుండి తొలివిడత రోగులలో సగముమందికైనను పేరు నమోదైన రెండు వారములలో ప్రత్యేక చికిత్స మొదలుకావలెనను నియమము ప్రభుత్వమే పెట్టుకొన్నది. మనకట్టి నియమము లేదు; జిల్లా మానసికారోగ్య కార్యక్రమము క్రింద జిల్లా ఆసుపత్రులలో మనోవైద్యుని ఓపీ యున్నను కేస్ మేనేజరు లేడు. 2022 అక్టోబరు 10న కేంద్రప్రభుత్వ మారంభించిన టెలీ మానస్ సంఖ్య 14416కు ఫోను చేసినచో తెలుగులోనే సలహా నిచ్చువారు దొరకుదురు. కేస్ మేనేజరు చేయవలసిన పనిలో కొంత ఇంటివారే చేతనైనంత చేసికొనవలసియున్నది. మొదటిసారి వైద్యునికడకు పోవునపుడు నిద్ర ఎప్పటినుండి తప్పినది, చదువున ఎప్పుడు వెనుకబడినది, ఏ మాటలు వినబడునని చెప్పినాడు, గంజాయి వాడుక యున్నదా, వంశమున నెవరికైనను ఇట్లుండెనా అను విషయములను తేదీలతో వ్రాసికొని పోవలెను. రోగి కోలుకొన్నపిదప, వాడు శాంతముగా నున్న యొక దినమున, మొదటిసారి వ్యాధి వచ్చుటకు ముందు తనకు కనబడిన గుర్తులను – ఒకరికి మూడురాత్రులు నిద్రలేమి కావచ్చును, మఱియొకరికి టీవీలో తన్నుగూర్చి చెప్పుచున్నారను తలంపు – వానిచేతనే ఒక నోటుపుస్తకములో వ్రాయించి, అవి మరల కనబడినచో ఎవ్వరు ఎవ్వరికి ఫోను చేయవలెనో, ఏ మాత్ర వేయవలెనో, వైద్యునికడకు తన వెంట ఎవరు రావలెనో వాని యిష్టము ప్రకారమే నిర్ణయించి, ఒక ప్రతిని వైద్యున కీయవలెను. ఆసుపత్రిలో చేరవలసివచ్చినపుడు తన పక్షమున మాటలాడుటకు నామినీని ఎన్నుకొను హక్కును 2017 చట్టము రోగికే యిచ్చినది. వాడు తండ్రిని విడిచి అక్కను ఎన్నుకొనిన, తండ్రి నొచ్చుకొనక ఒప్పుకొనవలసియుండును.